నిమ్మకాయ పిండితే చికెన్‌లో సాల్మొనెల్లా చస్తుందా?

రాత్రంతా పెరుగు, నిమ్మరసం పట్టించిన చికెన్ గిన్నెలో మిగిలిన మసాలాను పచ్చిగానే చట్నీలో కలిపేయొచ్చా అని అడిగారు కదండీ, వద్దు. విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా పులుపుకు అంత తేలిగ్గా లొంగదు. పీహెచ్ (పులుపు కొలత, ఇది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5 దగ్గర కాసేపు ఉంటే చాలు, రక్షణ ప్రోటీన్లు తయారుచేసుకుని రాటుదేలుతుంది. లోపలికి చొరబడ్డ ప్రోటాన్లను, అంటే ఆమ్లపు కణాలను, లైసీన్ అనే అమైనో ఆమ్లాన్ని విడగొట్టే పనిలో ఖర్చుపెట్టి, అందులో పుట్టిన కడావెరిన్ అనే పదార్థాన్ని బయటికి నెట్టేస్తుంది. ఇలా అలవాటుపడ్డది మన కడుపులోని ఆమ్లాన్ని కూడా తట్టుకోగలదు! ఫ్రిజ్‌లో పెట్టినా పెరగడం ఆగుతుందే గానీ చావదు. ఆ మసాలాను కూరలోనే వేసి బాగా తెర్లనివ్వండి, ముక్క మధ్యలో 74 డిగ్రీల సెల్సియస్ రావాలి. ఉప్పు సరిపోయిందో లేదో అని పచ్చి మసాలా నాకి చూసే అలవాటు మా ఇంట్లోనూ ఉండేది, గొడవపడి మాన్పించాను.