ఒసెల్టామివిర్ నిల్వ సంగతి తర్వాత, ముందు మీ అత్తగారిని డాక్టర్‌కి చూపించండి

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో 60 కుటుంబాలున్నాయి. మళ్లీ ఫ్లూ మహమ్మారి వస్తే ఆస్పత్రులు తట్టుకుంటాయా? ముందుజాగ్రత్తగా అందరికీ ఫ్లూ మందు ఒసెల్టామివిర్ కొని ఉంచుదామనుకుంటున్నాం. మా అత్తగారికి 68 ఏళ్లు, షుగర్ ఉంది. మూడు రోజులుగా జ్వరం, దగ్గు. నిన్నటి నుంచి నాలుగడుగులేస్తే ఆయాసం. ఇంట్లో మిగిలిన అజిత్రోమైసిన్ వేస్తున్నాం.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీరు చివర్లో రాసిందే నన్ను కంగారు పెడుతోంది. ఆవిడని ఈ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. చూడకుండా ఫ్లూ అనలేను. న్యుమోనియా కావచ్చు, గుండె సమస్యా కావచ్చు. ఏదైనా ఆ వయసులో, షుగర్ ఉండగా ఆయాసమొస్తే ఇంట్లో ఉంచకూడదు. పెదాలు నీలంగా మారినా, మగతగా ఉన్నా, ఆక్సీమీటర్‌లో ఆక్సిజన్ 94 శాతం కన్నా తగ్గినా 108కి ఫోన్ చేయండి.

అజిత్రోమైసిన్ బ్యాక్టీరియాకి ఇచ్చే యాంటీబయాటిక్, ఫ్లూ వైరస్ మీద పనిచేయదు. పాత మాత్రలతో విలువైన సమయం పోగొట్టారమ్మా. ఒసెల్టామివిర్ మొదటి 48 గంటల్లో ఇస్తే ఎక్కువ ఫలితం ఉంటుంది. సీరియస్‌గా ఉంటే ఆ తర్వాతా ఇస్తాం. పెద్దలకి మామూలుగా 75 మి.గ్రా., రోజుకి రెండుసార్లు, 5 రోజులు. కిడ్నీలు దెబ్బతిని ఉంటే మోతాదు తగ్గించాలి, షుగర్ ఉన్నవాళ్లలో అది తరచూ చూస్తాం. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూడకుండా మీ అంతట మీరు వేయొద్దు. అది చీటీ మీదే అమ్మాల్సిన మందు. 60 ఇళ్లకి నిల్వ పెడితే మామూలు జలుబుకీ మింగేస్తారు.

ఇక ఆస్పత్రుల సంగతి. 2009లో స్వైన్ ఫ్లూ తొలి కేసు మన దేశంలో హైదరాబాద్‌లోనే బయటపడింది. మళ్లీ వస్తే ఆస్పత్రులు తట్టుకోవాలంటే సన్నద్ధత గుమ్మం దగ్గరే మొదలవ్వాలి: దగ్గుతో వచ్చినవాళ్లకి ఓపీ చీటీకి ముందే మాస్కు, వేరే క్యూ, వార్డులో మంచాల మధ్య కనీసం మీటరు దూరం. ఆస్పత్రులు ఎక్కువగా పొరపాటు పడేది ఆక్సిజన్ లెక్కలో. పెద్ద సిలిండర్‌లో దాదాపు 7,000 లీటర్లుంటుంది; నిమిషానికి 10 లీటర్లు వాడే ఒక్క రోగికి 12 గంటలైనా రాదు. పైగా నర్సులూ జబ్బుపడతారు, కాబట్టి సిబ్బందికి ఏటా ఫ్లూ టీకా, డ్యూటీలకి బదులు మనుషులు ముందే చూసుకోవాలి.

మీ అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా ఉండే వృద్ధులు, గర్భిణులు, షుగర్, ఆస్తమా ఉన్నవాళ్ల జాబితా రాసిపెట్టండి. రాత్రిపూట కారు తీసేదెవరో ఇప్పుడే అనుకోండి. జాబితాలో ఉన్నవాళ్లని ఏటా ఫ్లూ టీకా గురించి తమ డాక్టర్‌ని అడగమనండి. రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది. కొత్త వైరస్‌కి టీకా రావాలంటే నెలలు.

ఇప్పుడు బయలుదేరండి. ఇద్దరూ మాస్కు పెట్టుకోండి, కారు అద్దాలు దించండి. ఆవిడ వేసుకుంటున్న మాత్రల అట్టలన్నీ, షుగర్ రిపోర్టులతో సహా సంచిలో వేసుకెళ్లండి.