కార్గో పెట్టె ఎవరు విప్పారమ్మా?

అమలాపురం

చిరంజీవికి,

నీ కథ, దాంతోపాటు పెట్టిన ఉత్తరం అందాయి. ఉత్తరం 'వందనాలండీ మాస్టారూ' అని మొదలుపెట్టావు. ఈ రోజుల్లో మా వీధిలో చంటిపిల్లాడి దగ్గర్నుంచి అందరూ 'ప్రైజ్ ద లార్డ్' అనేవాళ్లే. అందుకని కొంచెం అభిమానంతోనే చదవడం మొదలుపెట్టాను. చివరి పేజీకి వచ్చేసరికి కోపం వచ్చింది. అది చల్లారకముందే రాస్తున్నాను.

కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన తల్లి అక్కడే పోయింది. హైదరాబాదులో దిగిన శవపేటిక అంబులెన్సులో నరసాపురం వచ్చి, పంటు మీద గోదావరి దాటి సఖినేటిపల్లి చేరింది. పంటు మీద అంబులెన్సుకి టిక్కెట్టు కొట్టిన కుర్రాడు చిల్లర ఇవ్వడానికి కిటికీ దగ్గరికి వచ్చి, లోపలికి చూసి, చిల్లర చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడని రాశావు. అది బాగుంది. బాగుందన్న మాట ఈ ఉత్తరంలో ఇంకెక్కడా వెతక్కు.

భూస్థాపన అయిన నెల్లాళ్లకి, ఆవిడ బతికుండగా ఓడలో వేసిన కార్గో పెట్టె ఇంటికొచ్చింది. నిడో పాలడబ్బా, టాంగు, టైగర్ బామ్, పిల్ల ఎదిగి ఉంటుందిలే అని సైజు పెంచి కొన్న చెప్పులు. ఇంత పెట్టెకి నువ్విచ్చింది ఒక్క వాక్యం. తర్వాతి వాక్యంలోనే పాస్టరు గారు వచ్చేశారు. రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయం తెరిచారు. పిల్ల కన్నీళ్లు తుడుచుకుంది. 'ఆమె హృదయము చెప్పనశక్యమైన శాంతితో నిండిపోయెను.' కథ అయిపోయింది.

ఆ పెట్టె ఎవరు విప్పారమ్మా? కత్తిపీటతో కోశారా, చేత్తో చింపారా? పైన అడ్రసు ఆవిడ చేతిరాతేనా? చెప్పులు పిల్లకి సరిపోయాయా? సరిపోయుంటే ఇంకా కష్టం. పాలడబ్బా మూత తీశారా, లేక అలమారలో పెట్టి డేటు అయిపోయేదాకా చూస్తూ కూర్చున్నారా? నాకు ఇవి కావాలి. నువ్వు నాకు శాంతి ఇచ్చావు. నేను అడగలేదు.

నువ్వు సాక్ష్యం రాసి దానికి కథ అని పేరు పెట్టావు. సాక్ష్యాన్ని తక్కువ చెయ్యడం లేదు, సాక్ష్యాలు వింటూ పెరిగినవాణ్నే. ఉపవాస కూటంలో ఒకావిడ కొంగు నెత్తిన కప్పుకుని లేస్తుంది. 'నా పెద్దకొడుక్కి జ్వరం వచ్చి ఆస్పత్రులన్నీ తిరిగామండీ' అంటుంది. ఆ మాట అనగానే చివర ఏమైందో అందరికీ తెలిసిపోతుంది. పిల్లాడు బతికాడు, అందుకే ఆవిడ లేచింది. బతకని పిల్లాడి తల్లి కూడా అదే చాప మీద కూర్చుని ఉంటుంది. ఆవిడ లేవదు. అందరితోపాటు స్తోత్రం అంటుంది, ఇంటికెళ్లి పొయ్యి వెలిగిస్తుంది. నువ్వు రాయాల్సింది ఆవిడ గురించి. ఆవిడ విశ్వాసం తక్కువదని నాకెవడైనా చెబితే వాడితో మాట్లాడను.

బైబిలు చదివే పిల్లవే కదా, 88వ కీర్తన ఎలా ముగుస్తుందో తీసి చూడు. చీకట్లోనే ముగుస్తుంది. రాసినవాడు చివర్లో ఒక వెలుగు కిరణం అతికించలేదు, ఆ తర్వాత పోగుచేసినవాళ్లూ అతికించలేదు. బేతనియలో లాజరు చనిపోతే మార్త ఎదురెళ్లి, నువ్వుంటే మా తమ్ముడు చచ్చిపోయేవాడు కాదు అని ప్రభువు మీదే నిష్ఠూరం ఆడింది. కాసేపటికి చెల్లెలు మరియ వచ్చి అదే మాట మళ్లీ అంది. అక్కచెల్లెళ్లిద్దరూ ఒకే నిష్ఠూరం ఆడారంటే, ఆ నాలుగు రోజులూ ఆ ఇంట్లో ఇదే మాట నడిచిందన్నమాట. ఆయన వాళ్ల నోరు మూయించలేదు. లాజరుని లేపబోతున్నానని తెలిసీ ముందు ఏడ్చాడు. నీ పాస్టరు గారికి మాత్రం అంత తీరిక లేదు. ఉడకని అన్నం వార్చేసినట్టు, పిల్ల నోట్లోంచి ఏడుపు పూర్తిగా రాకముందే ఆదరణ గుమ్మరించేశాడు.

1996 తుఫాను నాటికి నేను ముమ్మిడివరం దగ్గర పనిచేస్తున్నాను. నవంబరు 6, బుధవారం రాత్రి. నీకు తెలియదు, మీ అమ్మానాన్నల్ని అడుగు. తెల్లారేసరికి కొబ్బరితోటలు లేవు. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు వేటకెళ్లినవాళ్లు చాలామంది తిరిగి రాలేదు. తర్వాతి ఆదివారం దీపావళి. ఎక్కడా దీపం లేదు, కరెంటూ లేదు. చర్చి రేకులు ఎగిరిపోతే పైన టార్పాలిన్ కట్టుకుని కూర్చున్నాం. అప్పటి మా బోధకుడు పెద్ద చదువుకున్నవాడు కాదు. మామూలు రోజుల్లో మొదలుపెడితే భోజనాల వేళ దాటినా ఆపేవాడు కాదు. ఆ రోజు లేచి ఈ 88వ కీర్తనే చదివాడు. చదివి, పుస్తకం మూసి, కిందకొచ్చి ఆడవాళ్ల పక్కన నేల మీద కూర్చున్నాడు. ప్రసంగం లేదు. ఎవరో శోకం ఎత్తుకున్నారు, తర్వాత ఇంకొకరు. రాగం తీసి ఏడవడం చర్చిలో తప్పని ఏళ్ల తరబడి చెప్పినవాడు ఆయనే. ఆ రోజు వారించలేదు. నేను విన్న ఆరాధనలన్నిట్లో నాకు గుర్తున్నది అదే.

దాని మీద కథ రాశాను. అప్పటి బాధలు చెబుతా, విను. మొదట ఒక వారపత్రికకి పంపితే, మీ కథలో మతప్రచారం ఉంది అని తిప్పి పంపారు. అదే సంచికలో కార్తీక సోమవారం ఉపవాసముండి కొడుకుని దక్కించుకున్న తల్లి కథ వేశారు, అందులో ప్రచారం కనపడలేదు. తర్వాత మన సంఘాల మాసపత్రిక ఒకదానికి పంపాను. చివర్లో రక్షణ లేదు, వాక్యం లేదు, బోధకుడు ప్రసంగం చెయ్యకపోవడం తప్పుడు మాదిరి అని రాశారు. ఆ తర్వాత అభ్యుదయం పేరు చెప్పుకునే ఒక పత్రిక. వాళ్లకి కథ నచ్చింది, కాని బోధకుడు తుఫాను సాయం బియ్యం అమ్ముకున్నట్టు మార్చమన్నారు. ముగ్గురూ ముందే ముగింపు రాసిపెట్టుకుని కూర్చున్నారు. ఇప్పటి కుర్ర సంపాదకులు 'హీలింగ్ ఉండాలి సార్' అంటున్నారట. మాట మారింది గాని అడిగేది పాతదే. నీ శాంతి వాక్యం ఎవరి కోసం రాశావో నాకు తెలుసులే.

నేటివిటీ సంగతి కూడా చెప్పాలి. రాజమండ్రిలో ఒక సభలో ఒక విమర్శకుడు, మీ కథల్లో గోదావరి నేటివిటీ లేదండీ, చర్చి తగలగానే పరాయిగా ఉంటుంది అన్నాడు. మిషనరీలు విలియం బౌడెన్, జార్జ్ బీర్ భార్యలతో ఓడ దిగింది 1836లో. తర్వాత నరసాపురం చేరారు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో. ఆనకట్ట కంటే మన ప్రార్థన పాతది, ఏది పరాయిదండీ అని అడిగాను. మిషనరీలు నేర్పిన లేసు అల్లిక నరసాపురం చుట్టుపక్కల వాకిళ్లలో కులంతో పనిలేకుండా ఎంతమంది ఆడవాళ్ల చేతుల్లోకి వెళ్లింది! 2024లో దానికి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కోత పండుగనాడు చర్చి ముందు గుమ్మడికాయ వేలంపాట, క్రిస్మస్‌కి సరుగుడు కొమ్మకి రంగు కాయితాలు, ఈస్టరు తెల్లవారుజామున కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటకి నడక. ఇవి గోదావరి కాకపోతే మరేమిటి? ఆయన నవ్వి కాఫీకి వెళ్లిపోయాడు. నీ కథలో ఇవేవీ లేవు, అందుకు నువ్వు కూడా తిట్లు తినాలి. ఆ ఊరు ఏ ఊరైనా కావచ్చు.

హీరోయిన్‌కి ఏ పేరు పెట్టాలి, చర్చి పేరా, స్కూలు పేరా అని అడిగావు. రెండూ పెట్టు! అసలు మన బతుకే రెండు పేర్ల బతుకు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవంలోకి వచ్చిన దళితుడు కాయితం మీద ఎస్సీ కాడు. సిక్కులకి 1956లో, బౌద్ధులకి 1990లో సడలించారు, మనకి లేదు. మన రాష్ట్రంలో బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషన్. అందుకే స్కూల్లో చేర్పించేటప్పుడు ఒక పేరు, బాప్తిస్మానికి ఒక పేరు. హెడ్మాస్టరుగా ఆ రిజిస్టరు రాసినవాణ్ని, ఆ తండ్రులు పేరు చెప్పేముందు అటూ ఇటూ ఎలా చూసేవారో నాకు తెలుసు. నీ కథలో తల్లి పాస్‌పోర్టు మీద ఉండేది సర్టిఫికెట్టు పేరు. అంటే శవపేటిక మీద అంటించిన కాయితంలో ఒక పేరు, సమాధి సిలువ మీద ఇంకో పేరు. శవపేటిక దించినప్పుడు అమ్మమ్మకి ఆ కాయితం చదివి వినిపిస్తే, ఇది మా పిల్ల కాదు అనదూ? ఇంత ఉంటే నువ్వు 'తల్లి', 'కూతురు' అని రాసుకుపోయావు.

భాష గురించి ఒక్కటే. నిండిపోయెను, విలపించెను వద్దు. మనింట్లో గ్రాంథికం ఎక్కడుంటుందో అక్కడే పెట్టు. మా అమ్మ కళ్లు మూసుకుని 'మహోన్నతుడవైన తండ్రీ, నీ దాసురాలి మొర ఆలకించుమయ్యా' అని ప్రార్థిస్తూ, అదే ఊపిరిలో 'ఒసేయ్, పాలు పొంగుతున్నాయి చూడు' అని, మళ్లీ ఆలకించుమయ్యా దగ్గర అందుకునేది. అలా రాయి.

ప్రసాదం సంగతి అడిగావు. పక్కింటివాళ్లు అంతర్వేది తీర్థం నుంచి తెచ్చిన ప్రసాదం నీ కథలో అమ్మ తిన్నట్టు రాస్తే, మీ యూత్ లీడరు కొట్టేయమన్నాడన్నావు. పౌలు కొరింథు సంఘానికి దీని మీదే ఒక అధ్యాయం రాసి, మళ్లీ ఇంకోచోట ఎత్తుకున్నాడు. అంతటివాడికే ఒక్క ముక్కలో తేలలేదు. మా ఆవిడ రెండు చేతులూ పట్టి తీసుకునేది, క్రిస్మస్‌కి బూరెలు పంపేది.

ఆవిడ పోయినప్పుడు ఆదరణ కూడిక పెట్టారు పిల్లలు. షామియానా, మైకు, 'ప్రభువు పిలుపునందుకొనిరి' అని ఫ్లెక్సీ. అందులో ఆవిడ ఫొటో కంటే ముఖ్య ప్రసంగీకుడి ఫొటో పెద్దది. నిరీక్షణ లేని వారివలె దుఃఖపడవద్దని ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. వాక్యం నిజమే. కాని పొద్దున్న లేచి ఎవరి కోసం స్టవ్ వెలిగించాలో తెలియనివాడికి మైకులో చెబితే ఏం ఎక్కుతుంది? ఎదురింటి పంతులుగారి భార్య రోజూ తెల్లారగానే కాఫీ ఫ్లాస్కు తెచ్చి అరుగు మీద పెట్టి వెళ్లిపోయేది. ఒక్క మాట మాట్లాడలేదు. ఒకరోజు మాత్రం, 'మీలో పదకొండో రోజు ఏం చేస్తారండీ?' అని అడిగింది. కూడిక పెడతామండీ అన్నాను. 'భోజనాలుంటాయా?' ఉంటాయండీ. 'అయితే ఒకటేగా' అని ఫ్లాస్కు తీసుకుని వెళ్లింది. నాకు నవ్వొచ్చింది. నవ్వొచ్చాక ఏడుపొచ్చింది. అప్పటిదాకా రాలేదు.

నీ కథలో అలాంటి మనిషి ఒకరు కావాలి. పక్కింటి ప్రసాదం ఆవిడని అందుకే కొట్టేయకు. ఆ పెట్టె విప్పేటప్పుడు ఆవిడ అక్కడ ఉందో లేదో చూసుకో. పాస్టరు గారు వస్తే రానీ, ఆ రోజే రానక్కర్లేదు.

ఇంకేవో అడిగావు. కలం పేరు, ఏ పత్రిక, ఆ ఫోన్ యాప్ ఏదో. ఉత్తరం ఎక్కడో పెట్టాను, కనపడటం లేదు. కథ తిరగరాశాక అడుగు.

మీ పాస్టరు గారికి కోపమొస్తుందేమో అని భయపడ్డావు. ఆయన నాన్న నా దగ్గర ఎనిమిదో తరగతి చదివాడు. గోదావరి మీద వ్యాసం రాయమంటే గంట కొట్టినా ఆపేవాడు కాదు, కాయితం లాక్కోవాల్సి వచ్చేది. కొడుక్కీ అదే వచ్చిందని విన్నాను. గొడవ చేస్తే నా దగ్గరికి పంపించు, నేను మాట్లాడతాను. క్రిస్మస్ తర్వాత నాకు కంటి ఆపరేషన్ ఉంది, ఈలోపే కథ పంపు. కాయితానికి ఒకవైపే రాయి.

ఇట్లు
మాస్టారు