గోళ్ల మీద స్టిక్కర్లు, కనురెప్పల మీద దురద

ప్రశ్న: నా వయసు 27. కూకట్‌పల్లిలో ఉంటాం. నెయిల్ ఆర్ట్ స్టిక్కర్లు ఇంట్లోనే చేసుకుంటాను. సిలికాన్ మ్యాట్ మీద జెల్ పాలిష్‌తో ముగ్గులు, నెమళ్లు వేసి, చిన్న యూవీ ల్యాంప్ కింద గట్టిపరిచి, ఊడదీసి గోళ్లకు అంటిస్తాను. కొన్ని వారాలుగా వేళ్ల చివర్లు దురద పెట్టి పొట్టు లేస్తున్నాయి. కనురెప్పలు ఎర్రగా వాస్తున్నాయి. రెండు గోళ్లు చివర్లో పైకి లేచాయి. మెడికల్ షాపులో ఫంగస్ అని ట్యూబు ఇచ్చారు. తగ్గలేదు. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు

సమాధానం: గోళ్లకు ఫంగస్ వస్తే కనురెప్పలు వాయవండీ. మీ లక్షణాలన్నీ కలిపి చూస్తే జెల్‌లోని యాక్రిలేట్లు అనే రసాయనాలకు అలర్జీ అనిపిస్తోంది. వాటిలో హెమా అనే పదార్థం వల్ల ఎక్కువమందికి ఈ ఇబ్బంది వస్తుంది. వేళ్లకు అంటింది తెలియకుండానే ముఖానికి చేరుతుంది. రెప్పల చర్మం బాగా పలచన కాబట్టి అక్కడ త్వరగా బయటపడుతుంది.

జెల్ పూర్తిగా గట్టిపడితే దాదాపు ఇబ్బంది ఉండదు. పచ్చిగా చర్మానికి తగిలితేనే సమస్య. స్టిక్కర్ల విషయంలో జరిగేదీ అదే. నెమలి కన్ను కోసం రంగు మీద రంగు మందంగా వేస్తారు. ముదురు రంగులు వెలుతురును లోపలికి పోనివ్వవు. పైన గట్టిగా కనిపించినా, మ్యాట్‌కు ఆనిన అడుగు భాగం పచ్చిగానే ఉండొచ్చు. దాన్నే వేళ్లతో ఊడదీస్తాం. ల్యాంప్ ఒక కంపెనీది, జెల్ ఇంకోటిదీ అయితే ఈ తేడా మరీ ఎక్కువ. ఐరోపా సమాఖ్య 2020లో తెచ్చిన నిబంధన ప్రకారం, హెమా ఉన్న గోళ్ల ఉత్పత్తులను నిపుణులు మాత్రమే వాడాలి. మన దగ్గర ఆన్‌లైన్‌లో ఎవరైనా కొనేయొచ్చు! పలచని గ్లవ్స్ కూడా యాక్రిలేట్లను ఎక్కువసేపు ఆపలేవు.

ముందు జెల్ పూర్తిగా మానేయండి. లేచిన గోళ్లను పొట్టిగా కత్తిరించి పొడిగా ఉంచండి, పిన్నుతో కింద శుభ్రం చేయకండి. గోరు పూర్తిగా కొత్తది రావడానికి సుమారు ఆరు నెలలు పడుతుంది, కంగారు పడకండి. ఆ ట్యూబు మాత్రం పక్కన పెట్టండి. మెడికల్ షాపుల్లో ఇచ్చే వాటిలో చాలావరకు స్టెరాయిడ్ కలిసి ఉంటుంది, కళ్ల దగ్గర డాక్టర్ చెప్పకుండా అది రాయకూడదు. గోరు పక్కన చీము పట్టినా, గోరు ఆకుపచ్చగా మారినా ఆలస్యం చేయొద్దు.

ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగాలున్నాయి, మీకు దగ్గరలోని డెర్మటాలజిస్ట్ అయినా సరే. ఏ పదార్థం పడదో తేల్చే ప్యాచ్ టెస్ట్ గురించి అడగండి. వీపు మీద పట్టీలు 48 గంటలు ఉంచి చూస్తారు, తర్వాత మరోసారి చూస్తారు. ఆ రోజుల్లో వీపు తడవకూడదు, చెమట పట్టే పనులు వద్దు. అలర్జీ అని తేలితే పళ్ల డాక్టర్‌కు తప్పక చెప్పండి. పళ్లకు పెట్టే కొన్ని ఫిల్లింగ్స్‌లో, చేతికి అంటించే కొన్ని షుగర్ సెన్సర్ల జిగురులో కూడా యాక్రిలేట్లుంటాయి.

అన్నీ పూర్తిగా తగ్గాక సరదా మానుకోనక్కర్లేదు. ప్లాస్టిక్ ఫైల్ కవర్ మీద మామూలు నెయిల్ పాలిష్‌తో డిజైన్ వేసి, బాగా ఆరాక ఊడదీసి, బేస్ కోట్ కాస్త జిగురుగా ఉండగానే అంటించండి. దీనికి ల్యాంప్ అక్కర్లేదు. అయితే మామూలు పాలిష్‌లోని రెజిన్ అనే జిగురు పదార్థం కూడా కొందరి కనురెప్పలకు పడదు, దాన్నీ టెస్టులో చేర్చమనండి. పాలిష్‌కు, రిమూవర్‌కు ఇట్టే నిప్పంటుకుంటుంది కాబట్టి స్టవ్ దగ్గరా, దేవుడి దీపం దగ్గరా కూర్చోకుండా కిటికీ తెరిచి వేసుకోండి.