సద్దుల బతుకమ్మ మలీద: మనుమరాలికి ఒక ఉత్తరం

చిరంజీవి మనుమరాలికి నాయనమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఈసారి సద్దుల బతుకమ్మకు హనుమకొండ రాలేనని, రొట్టెను బెల్లంతో నలిపి ముద్దలు కట్టే మన మలీదను హైదరాబాదులోనే చేసుకుంటానని నీవు చెప్పినప్పుడు దిగులు కలిగినా, పద్ధతి అడిగి తెలుసుకోవాలనుకున్నందుకు సంతోషించాను. అర కిలో గోధుమపిండికి 300 గ్రాముల బెల్లం, 100 గ్రాముల నెయ్యి, ఆరేడు యాలకులు, చిటికెడు ఉప్పు తీసుకో. ఇవి కొంత అటూఇటూ అయినా ఫర్వాలేదు. మలీద కుదిరేదీ చెడేదీ రొట్టె దగ్గరే.

రొట్టెను నూనె వేయకుండా, చపాతీ కంటే కాస్త మందంగా, సన్నని మంట మీద కాల్చాలి. లోపల పచ్చి మిగిలితే మలీద జిగటగా మారి మరునాటికే పాడవుతుంది. మరీ కరకరలాడేలా కాలిస్తే ముక్కలు బెల్లాన్ని పీల్చుకోవు. పెనం మీది నుంచి దించిన రొట్టెను వేడి తగ్గకముందే తుంచి, తురిమిన బెల్లంతో కలిపి నలిపితే, ఆ వేడికే బెల్లం కరిగి రొట్టెలోకి ఇంకుతుంది. నెయ్యి ఆఖరున, గోరువెచ్చగా పోసి ముద్దలు కట్టు. అన్నీ కాల్చి పెట్టుకొని చివరలో ఒకేసారి నలుపుదామని అనుకోవద్దు. పెళ్లైన కొత్తలో నేను అలాగే చేస్తే, చెరువు కట్టకు చేరేసరికి ముద్దలన్నీ పొడిపొడిగా విడిపోయాయి. మా అత్తమ్మ ఒక్క మాట అనలేదు గాని, వాయనం ఇచ్చే వేళ నాకు తలెత్తబుద్ధి కాలేదు.

ఆమె సజ్జ రొట్టెలతో చేసి రోట్లో దంచేది. సజ్జపిండి నిలవుంటే చేదెక్కుతుంది కనుక పండుగకు ముందురోజే విసురుకునేది. పిల్లలు నమలడానికి మెత్తగా ఉంటుందని నేను గోధుమకు మారాను. మీ అమ్మ ఎండుకొబ్బరి, జీడిపప్పు చేర్చింది. కాబట్టి నీవు మిక్సీ వాడతానంటే కాదనను, కాని ఒక్క తిప్పు తిప్పి ఆపెయ్యి. పారశీకంలో మలీద అంటే నలిపినది అని అర్థం. మన దగ్గర పీర్ల పండుగకు పంచే మలీదలోనూ రొట్టె నలిగి కనబడుతుందే తప్ప పిండిగా మారదు.

మీ నాన్నకు షుగరు ఉందని బెల్లం బదులు ఖర్జూరం వేస్తానన్నావు. రుచి కోసమైతే వేయి, కాని ఖర్జూరంలో ఉన్నదీ చక్కెరే గనుక షుగరుకు దానివల్ల మేలు లేదు. ఆయనకు నిమ్మకాయంత ముద్ద ఇవ్వడమే మంచిది.

అపార్ట్‌మెంటులో తెలిసినవారు తక్కువన్నావు. అయినా ఐదు ముద్దలు ఎక్కువే చెయ్యి. బతుకమ్మను నీళ్లలో వదిలాక, "ఇస్తినమ్మ వాయనం" అని పక్కింటి ఆవిడ చేతిలో పెట్టు. "పుచ్చుకుంటినమ్మ వాయనం" అనాలని ఆమెకు తెలియకపోతే నీవే నేర్పు.

ఇట్లు,
మీ నాయనమ్మ