సెల్ఫ్ కొట్టినప్పుడే తెలుస్తుంది బ్యాటరీ సంగతి

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం జనరేటర్ బ్యాటరీ గురించే వచ్చాయి. నేను విజయవాడ ఆటోనగర్‌లో డీజీ సెట్లు (డీజిల్ జనరేటర్లు) బాగుచేసే మెకానిక్‌ని. ‘జనరేటర్ పోయింది, త్వరగా రండి’ అని ఫోన్ వస్తే, సగానికి పైగా సందర్భాల్లో ఇంజన్‌కు ఏ జబ్బూ ఉండదు. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబు రాస్తున్నాను.

*ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా ఉండి దగ్గర. రెండు వనామీ రొయ్యల చెరువులకు, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఉన్నాయి. మొన్న తెల్లవారుజామున కరెంటు పోయింది. జనరేటర్ సెల్ఫ్ కొడితే ‘టక్’ మని ఆగిపోయింది. బ్యాటరీకి మీటర్ పెడితే 12.6 చూపిస్తోంది. బ్యాటరీ బాగానే ఉన్నట్టు కదా, సెల్ఫ్ మోటారు పోయిందా? – ఒక రొయ్యల రైతు*

తొందరపడి మోటారు విప్పించకండి. ఏ లోడూ లేనప్పుడు బ్యాటరీ 12.6 చూపిస్తే అందులో చార్జి ఉందని మాత్రమే అర్థం. సెల్ఫ్ మోటారు ఒక్కసారిగా వందల ఆంపియర్లు లాగినప్పుడు ఆ బ్యాటరీ నిలబడుతుందో లేదో ఆ అంకె చెప్పదు. మనవాళ్లకు మీటర్ మీద నమ్మకం ఎక్కువ, దాన్ని ఎప్పుడు పెట్టాలన్న ఆలోచన తక్కువ.

ఇలా చూడండి. ఇంజన్ స్టార్ట్ కాకుండా డీజిల్ స్టాప్ లివర్ లాగి పట్టుకోమని ఒకరికి చెప్పండి. మీటర్ ముల్లులు రెండూ బ్యాటరీ సీసం పోస్టుల మీదే ఆనించండి, లగ్గుల (పోస్టుకు బిగించే కేబుల్ చివరల) మీద కాదు. ఇప్పుడు సెల్ఫ్ కొట్టించండి. అంకె 9.6 కంటే కిందికి, ఆరు ఏడు వోల్టులకు పడిపోయిందంటే బ్యాటరీ లోపల ప్లేట్ల పని అయిపోయింది. సెల్ఫ్ ‘టక్’ మన్నా అంకె పన్నెండు దగ్గరే కదలకుండా ఉంటే, బ్యాటరీలో బలం ఉంది కానీ అది మోటారు దాకా చేరడం లేదు. అప్పుడు ఒక ముల్లు పోస్టు మీద, రెండోది అదే పోస్టుకు బిగించిన లగ్గు మీద పెట్టి మళ్లీ కొట్టించండి. అక్కడ అర వోల్టు దాటి కనిపిస్తే జబ్బు ఆ జాయింట్‌దే. రెండో పోస్టు దగ్గర కూడా ఇలాగే చూడండి. ఇంజన్ బాడీకి కలిపిన మైనస్ కేబుల్ చివరను కూడా వదలకండి, అది తుప్పు పట్టి ఉండటం మామూలే. ఇవన్నీ బాగుంటేనే సోలినాయిడ్ (మోటారుకు కరెంటు కలిపే స్విచ్), మోటారు వైపు వెళ్లాలి. ఒక్కో విడత పది సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టవద్దు, మధ్యలో నిమిషమైనా విరామం ఇవ్వండి.

మీవైపు ఉప్పుగాలికి లగ్గుల మీద పచ్చగా తెల్లగా పొడి పేరుకుంటుంది. తడి చేత్తో దాన్ని గీకి పారేస్తుంటారు, అలా వద్దు. శుభ్రం చేసే క్రమం ముఖ్యం. ముందు ప్యానెల్ ఆటోలో ఉంటే ఆఫ్‌లో పెట్టి ఎమర్జెన్సీ స్టాప్ నొక్కండి. లేకపోతే మీ చెయ్యి ఫ్యాన్ బెల్టు దగ్గర ఉండగా కరెంటు పోయి ఇంజన్ తనంతట తనే తిరుగుతుంది. చార్జర్‌కు వచ్చే కరెంటు ఆపండి. ఉంగరం, వాచీ తీసేయండి. తర్వాత మైనస్ లగ్గు ముందు, ప్లస్ లగ్గు తర్వాత విప్పండి. ఈ క్రమం ఎందుకంటే, ఇంజన్ బాడీ మొత్తం మైనస్‌కే కలిసి ఉంటుంది. మైనస్ విప్పకుండా ప్లస్ మీద పానా పెట్టి తిప్పుతుంటే, పానా రెండో చివర బాడీకి తగిలిందా, అక్కడే షార్టు. పానా ఎర్రగా కాలుతుంది, నిప్పురవ్వ లేస్తుంది. మైనస్ ముందే ఊడి ఉంటే పానా బాడీకి తగిలినా ఏమీ కాదు. బిగించేటప్పుడు దీనికి తిరగేసి, ప్లస్ ముందు, మైనస్ ఆఖరున.

వంటసోడా నీళ్లలో కలిపి పాత బ్రష్‌తో లగ్గులు రుద్దండి. పొంగి నురగ వచ్చిందంటే అది ఆసిడ్‌ను చంపుతున్నట్టు. సెల్లుల మూతలు గట్టిగా బిగించి ఉండాలి, సోడా నీళ్లు ఒక్క చుక్క కూడా లోపలికి పోకూడదు. మామూలు నీళ్లతో కడిగి, తుడిచి, లగ్గు లోపలి వైపు, పోస్టు చుట్టూ సీసం మెరిసేదాకా వైర్ బ్రష్ పట్టండి. లగ్గు దిగకపోతే సుత్తితో కొట్టకండి, పోస్టు అడుగున సీలు వదిలి అక్కణ్ణుంచి ఆసిడ్ ఊరుతుంది. లగ్గు నోరు కొంచెం తెరిచి దింపి, బిగించిన తర్వాత పైన వాజెలిన్ పూయండి.

చెరువులో ఆక్సిజన్ బాగా తగ్గేది తెల్లవారే ముందే. కాబట్టి సెల్ఫ్ పరీక్ష రోజూ సాయంత్రం, వెలుతురు ఉండగా చేయండి. మీ పెట్టుబడి అంతా ఆ నీళ్లలో ఉన్నప్పుడు చార్జి చేసిన రెండో బ్యాటరీ షెడ్డులో ఉంచుకోవడం దుబారా అనుకోను.

*ప్రశ్న: మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ జనరేటర్‌కు కొత్త బ్యాటరీ కావాలి. ఒక ఫ్లాట్ వాళ్ల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ఇన్వర్టర్ ట్యూబ్యులర్ బ్యాటరీ వాడకుండా పడి ఉంది. అది పెడితే ఖర్చు తగ్గుతుందని కమిటీ అంటోంది. – అసోసియేషన్ కార్యదర్శి*

కమిటీని ఒప్పించడం మీకు కష్టమే, అయినా వద్దు. ఇన్వర్టర్ బ్యాటరీ ప్లేట్లు మందంగా ఉంటాయి, గంటల తరబడి కొంచెం కొంచెంగా ఇవ్వడానికి. జనరేటర్ బ్యాటరీలో పలచటి ప్లేట్లు ఎక్కువ సంఖ్యలో ఉంటాయి, కొద్ది సెకన్లలో మొత్తం బలం చూపించడానికి. ఏహెచ్ అంకె ఎక్కువ ఉందని దీన్ని దానికి వాడితే, దుక్కి దున్నే ఎద్దును పందేనికి కట్టినట్టే. కొత్తగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసినా చేస్తుంది, పాతబడ్డాక అవసరానికి చెయ్యిస్తుంది. మీ సెట్టు బుక్కులో రాసిన రకం, రాసిన సైజే తెచ్చుకోండి.

మీది పెద్ద సెట్టయి 24 వోల్టులైతే, రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిపి ఉంటాయి. ఒకటి పోయిందని ఒక్కటే మార్చకండి. పాతదీ కొత్తదీ ఒకే చార్జర్ మీద కూర్చుంటే ఒకదానికి ఎక్కువ, ఇంకోదానికి తక్కువ అందుతుంది. కొద్ది నెలల్లో రెండూ పాడవుతాయి.

పెట్టే చోటు కూడా చూసుకోండి. రేడియేటర్ వేడిగాలి తగిలే వైపు వద్దు. ఉష్ణోగ్రత దాదాపు పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు సగానికి పడిపోతుందన్నది మా పనిలో అందరికీ తెలిసిన లెక్క. ఎండాకాలంలో మూసి ఉన్న కెనోపీ (జనరేటర్ చుట్టూ ఉండే పెట్టె) లోపల ఎంత వేడి ఉంటుందో చెయ్యి పెట్టి చూస్తే చాలు. ఆసిడ్ ఓర్చుకునే ట్రేలో కూర్చోబెట్టి, పైన క్లాంపుతో కదలకుండా బిగించాలి, ఇంజన్ అదురుకు ప్లేట్ల మీది పదార్థం రాలిపోతుంది. కేబుల్ ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. పెద్ద బ్యాటరీ బరువుగా ఉంటుంది, ఇద్దరు పట్టుకుని ఎత్తండి, వంచకుండా నిలువుగా దించండి. వాచ్‌మన్ ఒక్కణ్ణే ఎత్తమనకండి.

*ప్రశ్న: గుంటూరులో నర్సింగ్ హోమ్ ఎలక్ట్రీషియన్‌ని. బ్యాటరీలో నీళ్లు పోసిన కొన్నాళ్లకే అడుగంటుతున్నాయి. జనరేటర్ గదిలో కుళ్లిన గుడ్డు వాసన కూడా వస్తోంది. ఏం చేయాలి?*

ఇది చదివాక ముందు చేయాల్సింది చార్జర్‌కు కరెంటు ఆపడం. అదీ గది బయట ఉన్న స్విచ్‌తోనే. తలుపులు, కిటికీలు తెరవండి. బీడీ, అగ్గిపుల్ల, ఫోన్ టార్చి ఏవీ లోపలికి తీసుకెళ్లకండి, గదిలో ఫ్యాన్ స్విచ్ కూడా వేయకండి. ఓవర్ చార్జి అయిన బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది 4 శాతం చేరితే నిప్పురవ్వకు పేలుతుంది. తేలిక వాయువు కాబట్టి కప్పు కింద చేరుతుంది. అందుకే వెంటిలేటర్ ఎప్పుడూ పైన ఉండాలి.

గది చల్లబడి వాసన పోయాక అసలు కారణం చూడండి. నీళ్లు అలా ఆవిరవుతున్నాయంటే చార్జర్ ఎక్కువ వోల్టేజి ఇస్తోంది. బ్యాటరీ నిండాక 12 వోల్టుల సెట్టుకు చార్జర్ 13.2 నుంచి 13.8 మధ్య నిలవాలి. పగలూ రాత్రీ 14.5 చూపిస్తుంటే అది చార్జర్ కాదు, నీళ్ల కాగు. చార్జర్ లోపలి సర్క్యూట్ కార్డు మార్చించండి.

ఆరు సెల్లులూ హైడ్రోమీటర్‌తో (ఆసిడ్ చిక్కదనం కొలిచే గొట్టం) చూడండి. ఒక్క సెల్లు రీడింగ్ మిగతావాటికంటే 0.050 లేదా అంతకన్నా ఎక్కువ తేడాతో తగ్గి ఉంటే, నీళ్లు పోసినా ప్రయోజనం లేదు, బ్యాటరీ మార్చడమే. పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్ మాత్రమే, అదీ పూర్తిగా చార్జి అయ్యాక, గుర్తు దాకానే. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేంత పోసి, ఆ తర్వాతే చార్జి పెట్టండి. కుళాయి నీళ్లు, ఏసీ కారిన నీళ్లు వద్దు, ఆసిడ్ అసలే వద్దు. కళ్లకు అద్దాలు, చేతులకు రబ్బరు గ్లౌజులు ఉండాలి. కంట్లో చుక్క పడితే కుళాయి కింద రెప్ప విప్పి 15 నిమిషాలకు తగ్గకుండా కడుక్కుని డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మీకు డాక్టరు గోడ అవతలే ఉన్నారు కానీ, ముందు నీళ్లు.

*ప్రశ్న: తెనాలిలో కల్యాణ మండపం చూస్తాను. పెళ్లి మధ్యలో జనరేటర్ స్టార్ట్ కాకపోతే కారు బ్యాటరీతో జంపర్ పెట్టవచ్చా?*

మీ సెట్టు 12 వోల్టులదైతే పెట్టవచ్చు, 24దైతే కారు జోలికి వెళ్లకండి. మీ బ్యాటరీ ఉబ్బి ఉన్నా, పగిలి ఉన్నా కూడా వద్దు. మొదటి జంపర్ కేబుల్ ఒక చివర మీ ప్లస్‌కు, రెండో చివర కారు ప్లస్‌కు. తర్వాత రెండో కేబుల్ ఒక చివర కారు మైనస్‌కు, ఆఖరి చివర మీ ఇంజన్ మీద పెయింట్ లేని ఇనుముకు, బ్యాటరీకి దూరంగా. ఆఖరి కనెక్షన్ దగ్గర చిన్న మెరుపు వస్తుంది, అది బ్యాటరీ గ్యాస్ దగ్గర పడకూడదు. తీసేటప్పుడు తిరగేసి తీయండి. స్కూటర్ షాపులో దొరికే సన్నటి జంపర్లు వేడెక్కి కరిగిపోతాయి, మందమైనవి ముందే కొని గదిలో వేలాడదీసుకోండి.

*ప్రశ్న: పాత బ్యాటరీ పాత ఇనుప సామాన్ల వాడికి ఇవ్వవచ్చా? – మచిలీపట్నం నుంచి*

వద్దు. కొందరు ఆసిడ్‌ను కాలువలో పారబోసి సీసం మాత్రం తీసుకుంటారు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీని అధికారికంగా రీసైకిల్ చేసేవాళ్ల దాకా చేర్చాలి. మీకు తేలిక దారి, కొత్తది కొన్న షాపులోనే పాతది ఇచ్చేయడం. బరువు, రకం చూసి ధర కడతారు. ఆ మొత్తం బిల్లులో విడిగా రాయించుకోండి.