పరాయి దేశంలో ఇన్సులిన్ పంపు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్ర: నా వయసు 31. టైప్-1 డయాబెటిస్ ఉంది. పెన్నుతో రోజు మొత్తమ్మీద 45 యూనిట్ల ఇన్సులిన్ తీసుకుంటాను. ఉద్యోగం మీద రెండు నెలల్లో వేరే దేశం వెళ్తున్నాను, మూడు నాలుగేళ్లు ఉండొచ్చు. రోజంతా ఇన్సులిన్ ఎక్కించే పంపు, ఒంటిమీదే ఉండి షుగర్ చూపే సెన్సర్ ఇక్కడే కొనుక్కుని వెళ్లనా, అక్కడ తీసుకోనా? ఏ పంపు మంచిది?

జ: అక్కడికి వెళ్లాకే తీసుకోండి. అప్పటిదాకా పెన్నులతోనే ఉండండి.

పంపును కొనేది ఒక్కసారే. క్యాన్యులాలు (చర్మం కిందికి వెళ్లే సన్న గొట్టాలు), వాటిని పంపుకు కలిపే గొట్టాలు, ఇన్సులిన్ నింపే కార్ట్రిడ్జులు, సెన్సర్లు మాత్రం నెలనెలా కావాలి. క్యాన్యులాను రెండు మూడు రోజులకోసారి మార్చాలి కాబట్టి నెలకు 10 నుంచి 15 పడతాయి. ఊడిపోయేవీ, చర్మం కింద మడతపడేవీ వీటికి అదనం. పది రోజుల సెన్సరైతే ఏడాదికి 37 కావాలి. ఈ సామగ్రి మీరుండే చోట దొరక్కపోతే ఎంత గొప్ప పంపైనా జేబుకు బరువే. వారంటీ కూడా సాధారణంగా అమ్మిన దేశానికే వర్తిస్తుంది. పంపు చెడితే బదులు పంపు పంపేది కొన్న దేశంలోని చిరునామాకే.

ఏ పంపు అన్నది తర్వాత, ముందు సెన్సర్ సంగతి తేల్చుకోండి. షుగర్‌ను చూసి ఇన్సులిన్‌ను తనంతట తానే పెంచి తగ్గించే ఆటోమేటిక్ విధానం ప్రతి సెన్సర్‌తోనూ పనిచేయదు. పైగా ఒకే పంపును ఒక దేశంలో ఒక సెన్సర్‌కు, మరో దేశంలో వేరేదానికి జతచేసి అమ్ముతుంటారు. ఆమ్నిపాడ్ 5 అనే పంపు కొన్నిచోట్ల డెక్స్‌కామ్ సెన్సర్‌తో, కొన్నిచోట్ల లిబ్రే 2 ప్లస్ సెన్సర్‌తో నడుస్తుంది. అందుకే అక్కడి డయాబెటిస్ క్లినిక్‌లో 'మీ దగ్గర ఎక్కువమంది వాడుతున్న జత ఏది?' అని అడగండి. శిక్షణ ఇచ్చేదీ, రాత్రిపూట ఫోన్ ఎత్తేదీ వాళ్లే. బీమా దేనికి డబ్బిస్తుందో, ఎన్నేళ్లకోసారి పంపు మార్చుకోనిస్తుందో కూడా సంతకం పెట్టకముందే తెలుసుకోండి.

ఇక మీ 45 యూనిట్ల లెక్క. మూడు రోజులకు 135. గొట్టం నింపడానికే దాని పొడవును బట్టి మరో 10 నుంచి 25 యూనిట్లు పోతాయి. టి-స్లిమ్ ఎక్స్2, మినీమెడ్ 780జీ పంపులలో 300 యూనిట్లు పడతాయి కనక ఇబ్బంది లేదు. ఇప్సోపంపులో 160 మాత్రమే. మీకు అది అంచుకు వస్తుంది, మూడో రోజు రాత్రి ఖాళీ అయిందన్న అలారంతో లేస్తారు. ఆమ్నిపాడ్‌కు గొట్టం లేదు. 200 యూనిట్ల దాకా పడుతుంది, కనీసం 85 నింపితే గాని మొదలుకాదు. 72 గంటలయ్యాక మరో 8 గంటలు గడువిచ్చి ఆగిపోతుంది, అందులో మిగిలింది వృథా. కరెంటు సంగతికొస్తే 780జీకి మామూలు ఏఏ బ్యాటరీ చాలు, టి-స్లిమ్‌కు ఛార్జింగ్ పెట్టాలి.

సెన్సర్ల కచ్చితత్వంలో ఒకటి రెండు శాతం తేడాల గురించి ప్రకటనల్లో చెప్పేదాన్ని పెద్దగా పట్టించుకోకండి. ఆ జిగురు మీ చర్మానికి పడుతుందా లేదా అన్నదే అసలు పరీక్ష. కుదిరితే ముందు ఒక్క సెన్సర్ పెట్టుకుని చూడండి.

ప్ర: ఈ మధ్యే వేరే దేశం వచ్చాను. ఇక్కడ కొన్న సెన్సర్‌ను నా ఫోన్‌లోని యాప్ గుర్తించడం లేదు. ఇక్కడి రీడర్‌లోనేమో (సెన్సర్ అంకెలు చూపే చిన్న పరికరం) షుగర్ 7.2 అని వస్తోంది. ఇది తప్పా?

జ: తప్పు కాదు. మీకు అలవాటైన మిల్లీగ్రాముల కొలత బదులు ఆ దేశంలో మిల్లీమోల్స్ వాడతారు. 18తో గుణిస్తే సరి. 7.2 అంటే సుమారు 130. అలారాలకు 3.9 అంటే 70, 10 అంటే 180 అని గుర్తుంచుకుంటే చాలు. చాలా రీడర్లలో ఈ కొలత మార్చలేం, అందుకని వాడుతున్న రెండు పరికరాలూ ఒకే కొలతలో ఉండేలా చూసుకోండి. నిద్రమత్తులో జరిగే పొరపాట్లు ఇక్కడే మొదలవుతాయి.

యాప్ గొడవకు కారణం, చాలా సెన్సర్ యాప్‌లు దేశాన్ని బట్టి వేరువేరుగా ఉంటాయి. ఫోన్ యాప్ స్టోర్ ఖాతా ఏ దేశానిదో ఆ దేశపు యాప్ మాత్రమే దిగుతుంది. ఒంటిమీద ఉన్న సెన్సర్ గడువు పూర్తయ్యాకే ఖాతా దేశాన్ని మార్చి కొత్త యాప్ వేసుకోండి. మధ్యలో పాత యాప్ తీసేస్తే ఆ సెన్సర్ చేజారొచ్చు. ఫోన్ సాఫ్ట్‌వేర్ దానంతటదే అప్‌డేట్ కాకుండా ఆపి ఉంచండి. యాప్ తయారీదారు సరేనన్నాకే చేసుకోవచ్చు.

సెన్సర్ మారితే మందుల జాగ్రత్త కూడా మారుతుంది. లిబ్రే సెన్సర్లకు ఎక్కువ మోతాదు విటమిన్ సి పడదు, మినీమెడ్ పంపులతో వాడే గార్డియన్ సెన్సర్లకు పారాసిటమాల్ పడదు. రెండు సందర్భాల్లోనూ షుగర్ ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. ఆటోమేటిక్ పంపు దాన్ని నమ్మి ఇన్సులిన్ ఎక్కించేస్తుంది, ప్రమాదం అక్కడుంది.

ప్ర: పంపుతో విమాన ప్రయాణంలో ఏం చూసుకోవాలి?

జ: సామగ్రి మొత్తం మీ చేతి సంచీలోనే ఉండాలి, లెక్కకు రెట్టింపు. కింద లగేజీలో పెడితే ఇన్సులిన్ గడ్డకట్టొచ్చు, కరిగాక చూడ్డానికి బాగానే ఉన్నా పనిచేయదు. భద్రతా తనిఖీలో ఒళ్లంతా స్కాన్ చేసే యంత్రాలు, సామాన్ల ఎక్స్‌రే చాలా పంపులకు మంచివి కావు. చేత్తో తనిఖీ చేయమని అడగండి, డాక్టరు ఉత్తరం దగ్గరుంచుకోండి. విమానం పైకి లేచేటప్పుడు ఒత్తిడి తగ్గి కార్ట్రిడ్జ్‌లో బుడగలు ఉబ్బుతాయి, దాంతో కాస్త ఇన్సులిన్ అదనంగా ఒంట్లోకి పోవచ్చు. ఎక్కేముందు బుడగలు తీసేయండి. దిగాక పంపు గడియారం మార్చడం మరవొద్దు. లేకపోతే తెల్లవారుజామున ఇవ్వాల్సిన మోతాదు మధ్యాహ్నం పోతుంది.

ప్ర: కొత్త చోట అర్ధరాత్రి పంపు ఆగిపోతే?

జ: పంపులో వాడేది త్వరగా పనిచేసే ఇన్సులిన్ ఒక్కటే. రోజంతా పనిచేసేది ఒంట్లో నిల్వ ఉండదు. అందుకే సరఫరా ఆగిన కొన్ని గంటల్లోనే కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు రక్తంలో పేరుకునే ఆమ్లాలు) పెరుగుతాయి. అడ్డుపడిందన్న అలారం కోసం ఎదురుచూడకండి. రాత్రిపూట గంటకు అర యూనిట్ చొప్పున వెళ్తుంటే గొట్టంలో ఒత్తిడి పెరిగి అలారం మోగేసరికి చాలాసేపు పడుతుంది.

షుగర్ 250 మిల్లీగ్రాములు దాటి, పంపుతో మోతాదు ఇచ్చినా గంట తర్వాత దిగకపోతే వేలిమీద రక్తంతో షుగర్, కీటోన్లు చూడండి. ఈసారి ఇన్సులిన్ పెన్నుతో వేసుకోండి, పంపుతో కాదు. ఆ తర్వాత క్యాన్యులా, గొట్టం, ఇన్సులిన్ అన్నీ కొత్తవి పెట్టండి. తీసిన క్యాన్యులాను ఒకసారి చూడండి. వంగిందా, రక్తం ఉందా, అక్కడ ఇన్సులిన్ వాసన వస్తోందా? వాసన వస్తే కారిపోయిందన్నమాట. కీటోన్లు 1.5 మిల్లీమోల్స్ దాటితే డాక్టరుకు ఫోన్, 3 దాటితే ఆసుపత్రికి. వాంతులు మొదలైతే అంకెలు చూస్తూ కూర్చోవద్దు, వెంటనే బయల్దేరండి. పెన్నుతో వేసిన మోతాదు పంపుకు తెలియదు కనక ఆ తర్వాత నాలుగు గంటలు ఆటోమేటిక్ విధానం ఆపి ఉంచండి.

పంపే చెడిపోతే రోజంతా పనిచేసే ఇన్సులిన్ పెన్ను కావాలి, అది ఫ్రిజ్‌లో ఎప్పుడూ ఉండాలి. మోతాదు సుమారు పంపు రోజువారీ బేసల్ (భోజనంతో సంబంధం లేకుండా రోజంతా కొద్దికొద్దిగా వెళ్లే ఇన్సులిన్) మొత్తమంత. ఆ అంకె మీ డాక్టరుతో ముందే ఖరారు చేసుకోండి. గంటగంటకు బేసల్, పిండిపదార్థాల నిష్పత్తి (ఒక యూనిట్ ఎన్ని గ్రాములకు సరిపోతుందో), షుగర్ దిద్దుబాటు అంకె (ఒక యూనిట్ షుగర్‌ను ఎంత దించుతుందో), షుగర్ లక్ష్యం ఇవన్నీ కాగితం మీద రాసిపెట్టుకోండి. పంపు చచ్చాక దాని తెర మీంచి చదవలేరు.

సిరంజి వాడాల్సి వస్తే మరో మెలిక. కొన్ని దేశాల్లో మిల్లీలీటరుకు 40 యూనిట్ల సీసాలు, వాటికి తగ్గ సిరంజీలు ఇంకా అమ్ముతున్నారు. పంపులో పోసేది 100 యూనిట్లది. దాన్ని 40ల సిరంజిలో 10 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 25 యూనిట్లు.