‘ఎక్కువ ఆలోచిస్తున్నారు’ అంటే నా నొప్పి అబద్ధమనా?

ప్రశ్న: నా వయసు 42. టీచర్‌ని. మూడేళ్లుగా నడుం నొప్పితో బాధపడుతున్నాను. స్కాన్‌లో ఎల్4-ఎల్5 అనే నడుం వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ కాస్త ఉబ్బిందని, ఆపరేషన్ అక్కర్లేదని చెప్పారు. మందులు, బెల్టు, ఫిజియోథెరపీ అన్నీ అయ్యాయి. కొన్నాళ్లు తగ్గుతుంది, మళ్లీ మొదలవుతుంది. వంగాలంటేనే భయం. ఈమధ్య నడుమే కాదు, ఎవరైనా భుజం మీద కాస్త గట్టిగా చెయ్యి వేసినా నొప్పి పుడుతోంది. పోయిన నెల చూపించుకున్న డాక్టరు గారు ‘మీరు నెగెటివ్‌గా ఎక్కువ ఆలోచిస్తున్నారు, అందుకే నొప్పి ఎక్కువ తెలుస్తోంది’ అన్నారు. ఇంటికొచ్చి ఏడ్చేశాను. ఇదంతా నా ఊహేనా మేడమ్? - ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఒక్క మాట చెప్పనివ్వండమ్మా. మీ నొప్పి నిజం. ఫిజియోథెరపిస్టుగా 22 ఏళ్లుగా ఎక్కువగా నడుం నొప్పి వాళ్లనే చూస్తున్నాను. లేని నొప్పిని ఉందని చెప్పినవాళ్లు ఒక చేతి వేళ్లకు సరిపడా కూడా తగల్లేదు. మీ డాక్టరు గారు చెప్పిన విషయం తప్పు కాదు. కానీ సగమే చెప్పి పంపించారు. ఆ సగం మాట విని ఎవరైనా ఏడుస్తారు.

మీరు భుజం సంగతి రాశారు చూడండి, నా దృష్టి అక్కడే ఆగింది. నా దగ్గర నొప్పిని కొలిచే చిన్న పరికరం ఉంది. చేత్తో పట్టుకునే పిడి, గడియారం లాంటి డయలు, చివర గోరంత రబ్బరు బొడిపె. దాన్ని నడుం మీద కాకుండా బొటనవేలి గోటి మీద ఆనించి మెల్లగా నొక్కుతూ, ‘ఒత్తిడి కాస్తా నొప్పిగా మారగానే చెప్పండి’ అంటాను. కొందరికి ముల్లు డయలు మీద చాలా దూరం వెళ్తుంది. కొందరు అది కదలడం మొదలవగానే చెయ్యి వెనక్కి లాక్కుంటారు. అదే వేలు, అదే బొడిపె. ఆ వేలికి ఏ దెబ్బా తగల్లేదు, అందులో ఉబ్బడానికి డిస్కూ లేదు. ఏళ్ల తరబడి నడుం నొప్పి పడ్డవాళ్లలో కొందరికి వేలు కూడా తొందరగా నొప్పి పుడుతుంది. అంటే సమస్య ఇక నడుం దగ్గరే ఆగిపోలేదు. నొప్పి కబురును మోసే నరాలు, వెన్నుపాము, మెదడు మొత్తంగా సున్నితమైపోయాయి.

మనం అనుకున్నట్టు నొప్పి కింది నుంచి పైకి మాత్రమే ప్రయాణించదు. మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1965లోనే వెన్నుపాములో ఒక గేటు లాంటిది ఉంటుందని, పైనుంచి మెదడు పంపే ఆజ్ఞలు కూడా ఆ గేటును తెరవగలవు, మూయగలవు అని ప్రతిపాదించారు. తర్వాత వివరాలు చాలా మారాయి గానీ, మెదడు కిందికి కబురు పంపి నొప్పిని తగ్గించగలదు, పెంచగలదు అన్నది నిలబడింది. ప్రమాదం ముంచుకొస్తోందని మెదడు నమ్మితే కాపలా పెంచుతుంది. మూడేళ్లుగా ‘ఈ నడుం ఎప్పుడు విరిగిపోతుందో’ అని ఎదురుచూస్తున్న మెదడు చిన్న స్పర్శకు కూడా గంట కొడుతుంది. ఆ గంట మోత మీరు ఊహించుకున్నది కాదు, నిజంగా మోగుతున్నదే.

‘నెగెటివ్ ఆలోచన’ అన్న మాట నాకు నచ్చదు, మరీ గంపగుత్తగా ఉంటుంది. దిగులు వేరు, చిరాకు వేరు, నేను చెప్పబోయేది వేరు. నొప్పి విషయంలో హాని చేసే ఆలోచనను కొలవడానికి మైఖేల్ సల్లివన్ బృందం 1995లో 13 వాక్యాల ప్రశ్నావళి ఒకటి తయారుచేసింది. ఒక్కోదానికి సున్నా నుంచి 4 దాకా మార్కులు, మొత్తం 52. సాధారణంగా 30 దాటితే గట్టిగా పట్టించుకోవాలంటాం. అందులో మూడు పాయలున్నాయి. మనసు వేరే దేనిమీదికీ పోకుండా నొప్పినే తలపోస్తూ ఉండటం ఒకటి. గోరంతను కొండంత చేసుకోవడం ఇంకొకటి. ఇక నా వల్ల కాదని చేతులెత్తేయడం మూడోది. నా అనుభవంలో మనిషిని మంచానికి కట్టేసేది ఈ మూడోదే.

ఈ మార్కులు ఎక్కువున్నవాళ్లు నొప్పిని ఎక్కువగా చెబుతారని, పనులు ఎక్కువగా మానుకుంటారని చాలా అధ్యయనాల్లో కనిపించింది. బొడిపె పరీక్షలో తేడా మాత్రం అన్ని అధ్యయనాల్లోనూ ఒకేలా లేదు, కొన్నిట్లో సంబంధం స్వల్పమే. అందుకే మీ నొప్పంతా మీ ఆలోచనల వల్లే అని ఎవరన్నా నమ్మకండి. దారి రెండు వైపులా నడుస్తుంది. మూడేళ్లు నిద్ర చెడి, వంగలేక, కూర్చోలేక అవస్థ పడ్డ మనిషికి భయం పుట్టకపోతేనే ఆశ్చర్యం. నాకూ ఒకసారి పేషెంటును లేపుతుండగా నడుం పట్టేసింది. ఇదంతా చదువుకున్నదాన్నే. అయినా ఆ రాత్రి రెండింటికి మెలకువొచ్చి, ఇక ఈ వృత్తి చేయలేనేమో అని వణికిపోయాను. మీ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను.

మరి ఏం చేయాలి? ‘పాజిటివ్‌గా ఉండండి’ అని చచ్చినా చెప్పను. లేని ధైర్యం తెచ్చిపెట్టుకుంటే నిలవదు. ఒక వారం పాటు నొప్పి పెరిగినప్పుడల్లా మనసులో మెదిలిన వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు కాగితం మీద రాయండి. ‘అయిపోయింది, డిస్క్ ఇంకా జారింది’ అని రాశారనుకోండి. రెండు గంటల తర్వాత దాని పక్కనే ఏం జరిగిందో రాయండి: తగ్గిందా, పెరిగిందా, లేచి క్లాసుకు వెళ్లగలిగారా. నిండిన పేజీని మీరే చదివితే మీ మెదడు ఎన్నిసార్లు తొందరపడిందో మీకే కనిపిస్తుంది. నేను చెబితే మీరు నమ్మాల్సి వస్తుంది, అక్కడైతే మీ కళ్లతో చూస్తారు.

స్కాన్ రిపోర్టు గురించి కూడా ఎవరూ మీకు విడమరచి చెప్పినట్టు లేదు. 2015లో ప్రచురించిన ఒక సమీక్షలో 33 అధ్యయనాలను కలిపి, నడుం నొప్పి లేని 3,110 మంది స్కాన్లు చూశారు. 40 ఏళ్ల వయసు వాళ్లలో సగం మందికి డిస్క్ ఉబ్బి ఉంది. ఒక్క నొప్పి కూడా లేనివాళ్లమ్మా వీళ్లు! మీ రిపోర్టులోని ‘ఉబ్బు’ అన్న మాటకు మీరు ఇచ్చిన బరువు అది మోయదగ్గది కాదు.

ఇక వంగడం. నా దగ్గరికి వచ్చేవాళ్లు బూటు లేసు కట్టుకునేటప్పుడు గమనిస్తుంటాను. ముందు ఊపిరి బిగబడతారు, పొట్ట రాయిలా గట్టిపడుతుంది, ఒక చెయ్యి కుర్చీ కోసం వెతుకుతుంది, వీపు చెక్కలా పెట్టి మోకాళ్ల మీదే దిగుతారు. ఇంకా నొప్పి రానే లేదు, ఒళ్లు దెబ్బ కాచుకుంటోంది. ఆ బిగువే సగం నొప్పి తెస్తుంది. మీరు కుర్చీలో కూర్చుని, నోటితో మెల్లగా గాలి వదులుతూ చేతులు మోకాళ్ల మీద నుంచి పిక్కల దాకా జారనివ్వండి. రోజుకు రెండు పూటలా ఐదారుసార్లు చాలు. భయం లేకుండా అక్కడిదాకా వెళ్లగలిగాకే చీలమండల దాకా. నడకను మాత్రం గడియారం చూసి పెంచండి, నొప్పిని చూసి కాదు. బాగున్న రోజున గంట, బాగాలేని రోజున సున్నా అన్న పద్ధతి వద్దు.

దగ్గర్లో నొప్పి మీద పనిచేసే సైకాలజిస్టు ఉంటే వెళ్లండి, అందులో నామోషీ ఏమీ లేదు. 2021లో 263 మంది దీర్ఘకాలిక నడుం నొప్పి వాళ్లతో చేసిన ఒక ప్రయోగంలో, ఇలాంటి ఆలోచనలను తగ్గించడంలో రెండు గంటల ఒకే ఒక్క క్లాసు ఎనిమిది సెషన్ల సీబీటీ (ఆలోచనల తీరును, అలవాట్లను మార్చే మాటల చికిత్స) కంటే తీసిపోలేదని మూడు నెలల తర్వాత తేలింది. ఏళ్లకేళ్లు పట్టే పని కాదన్నమాట.

ఒక్కటి మాత్రం ఆలోచనల ఖాతాలో వేయకండి. మలమూత్రాల మీద పట్టు తప్పడం, మూత్రం రాకుండా బిగదీయడం, తొడల మధ్య మొద్దుబారడం, కాలు రోజురోజుకీ బలహీనపడటం - వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. నడుం నొప్పితో పాటు జ్వరం వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా కూడా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోవాలి.

ప్రశ్న: మావారికి రెండేళ్లుగా నడుం నొప్పి. ఆయన్ని బకెట్టు కూడా ఎత్తనివ్వను. లేస్తున్నా కూర్చుంటున్నా ‘నొప్పిగా ఉందా’ అని అడుగుతూ ఉంటాను. నేను చేస్తున్నది సరైనదేనా? - మరో పాఠకురాలు

జవాబు: ప్రేమతోనే చేస్తున్నారు, తెలుస్తోంది. కానీ ఆ ప్రశ్న రోజుకు 20 సార్లు వింటే ఆయన మనసు 20 సార్లు నడుం దగ్గరికి వెళ్లి తడిమి చూసుకుంటుంది. ‘నొప్పిగా ఉందా’ బదులు ‘కాసేపు నడిచొద్దామా’ అని అడగండి. డాక్టరు వద్దనకపోతే బకెట్టు ఆయన్నే ఎత్తనివ్వండి, మొదట పావు వంతు నీళ్లతో. ఎత్తేటప్పుడు పక్కన ఉండండి, చెయ్యి మాత్రం వేయకండి.